ముద్రిక లేని మఱపు

శాకుంతలములోని పంచమాంకమును బోధింపవలసి వచ్చినప్పుడెల్ల నాకొక సంగతి స్ఫురించుచుండును. మహాభారతములోని దుష్యంతుఁడు మఱచినవాఁడు కాఁడు. ఎఱిఁగియు నెఱుఁగనట్లు పలికినవాఁడు. ఆకాశవాణి సాక్ష్యమిచ్చిన పిమ్మట, లోకము శంకించునని యట్లు పలికితినని యాతఁడే యొప్పుకొనును. అట్టి రాజును నాయకునిగాఁ జేయఁదలఁచిన కాళిదాసు మూలకథలో లేని రెండింటిని తెచ్చి పెట్టెను. ఒకటి దుర్వాసుని శాపము, రెండవది యుంగరము. శాపముచేత మఱపు రాజు దోషము కాకపోయెను. ఉంగరముచేత మఱపునకొక యవధి యేర్పడెను. చేపకడుపులో జాలరివానికి దొరకిన యుంగరమును రాజు చూచుటతోడనే పోయిన జ్ఞాపకమంతయు మరలి వచ్చెను.

ఈ కల్పనలోని నేర్పును గూర్చి మన పండితులు వ్రాసినది చాలఁ గలదు. దానికిఁ జేర్పఁదగినది నాయొద్ద లేదు. నేను చెప్పఁదలఁచినది వేఱు. తన్ను వరించినవాఁడే తన్నెఱుఁగనని చెప్పఁగా సభలో నిలువఁబడిన శకుంతల దుఃఖము రంగస్థలముపై నొక్క యంకము మాత్రము నడచును. మన యిండ్లలో నదే యంకము ఎనిమిదేండ్లు, పదియేండ్లు నడచుచున్నది. నలువదేండ్లు కలిసి బ్రదికిన భార్యను భర్త పనిమనిషి యనుకొనుచున్నాఁడు. కన్నకొడుకును తల్లి, "బాబూ, మీదే యూరు?" అని మర్యాదగా నడుగుచున్నది. ఇందు మఱచినవారి తప్పు లేదు. మఱవఁబడినవారి తప్పును లేదు. శపించిన మునియు లేఁడు. జాలరి తెచ్చి యిచ్చు ఉంగరమును లేదు. ఈ ముద్రిక లేని మఱపును గూర్చి వ్రాసినవారు ఏమి చూచిరి, ఏమి చూడక విడిచిరి యనునదే యీ వ్యాసమునకు విషయము.

ముందుగా వ్యాధిని గూర్చి కొంత చెప్పక తప్పదు. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరపు మానసిక వైద్యశాలలో ఆగుస్టె డీటర్ అను 51 ఏండ్ల యిల్లాలు చేర్పఁబడెను. ఆలోయిస్ ఆల్జైమర్ అను వైద్యుఁడు ఆమెను దినదినము ప్రశ్నించి సమాధానములు వ్రాసి యుంచెను. తన పేరు వ్రాయుమనఁగా నామె వ్రాయలేకపోయెను. 1906లో ఆమె మరణించిన తరువాత మెదడును సూక్ష్మదర్శినితోఁ బరీక్షించి, ఆ సంవత్సరమే ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభలో తాను చూచినదానిని విన్నవించెను. సభలో నెవరును దానిని పట్టించుకొనలేదు. 1910లో క్రేపెలిన్ తన వైద్యగ్రంథమున ఆ వ్యాధికి ఆల్జైమర్ పేరు పెట్టెను. కణముల నడుమ అమిలాయిడ్ అను పదార్థము పేరుకొనుటయు, కణములలోపల టౌ అను మాంసకృత్తు ముడులు పడుటయు దీని లక్షణములని నేఁడు తెలిసినది.

మన తార్కికులు సంస్కారము మాత్రముచేతఁ బుట్టు జ్ఞానమే స్మృతి యనిరి. అనుభవము మనసుపై ముద్ర వేయును; ఆ ముద్ర మేల్కొనుటయే జ్ఞాపకము. ఈ వ్యాధి మొట్టమొదట క్రొత్త ముద్ర వేయు స్థానమునే తినివేయును. అందుచేత నుదయము తిన్న యుప్మా మఱపునకు వచ్చును. ఏఁబదియేండ్ల నాఁటి పెండ్లిపాట రాగముతో సహా నిలిచియుండును. ఇంటివారికిఁ గలుగు మొదటి భ్రాంతి యిచ్చటనే కలదు. పాత పాటలన్నియు జ్ఞాపకమున్నవే, అన్నము తిన్న సంగతి మాత్రము జ్ఞాపకము లేదా? ఇది నటన గాక మఱేమి? అని వా రనుకొందురు. అనఁగా వారు రోగిని భారతములోని దుష్యంతునిగాఁ జూచుచున్నారు. కాళిదాసు దుష్యంతునిగాఁ జూచుట లేదు.

ఇది యరుదైన విపత్తు కాదు. స్మృతిభ్రంశ వ్యాధులతో బాధపడువారు ప్రపంచమున 2021 నాఁటికి 5 కోట్ల 70 లక్షలమంది యని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క; వారిలో నూటికి 60 నుండి 70 వఱకు అల్జైమర్ వ్యాధిగ్రస్తులే. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, మొత్తము మీఁద 88 లక్షలమందికి ఇట్టి వ్యాధి కలదని 2023లో ప్రకటింపఁబడిన యొక పరిశోధనలో అంచనా వేసిరి. మన పాఠకులలో నీ వ్యాధి తొక్కని గుమ్మము గలవారు, కనీసము బంధువుల యిండ్లలోనైన దానిని చూడనివారు, ఎక్కువమంది యుండరని నా తలంపు.

ఇఁక పుస్తకముల కడకు వత్తము. ఆంగ్లసాహిత్యము చదివినవారికి 1726లో వెలువడిన గలివర్ ప్రయాణములలోని స్ట్రల్డ్‌బ్రగ్గులు జ్ఞాపకము వత్తురు. వారు చావులేనివారు, కాని ముసలితనము లేనివారు కారు. ఆప్తుల పేళ్లు మఱతురు. వస్తువుల పేళ్లు మఱతురు. 80 ఏండ్లు నిండఁగానే చట్టము వారిని మృతులుగా నెంచి యాస్తిని వారసుల కిచ్చివేయును. స్విఫ్టు కన్ను పదునైనదే. కాని యాతఁడు వారిని వీథిలో నిలువఁబడి చూచినాఁడు. వారికి అన్నము పెట్టినది యెవరు, బట్టలు మార్చినది యెవరు అను ప్రశ్న యాతని కలమునకు తోఁపనే లేదు. ఆ ప్రశ్న నడుగుటకు సాహిత్యము రెండువందల యేండ్లకుఁ బైగా వేచియుండవలసి వచ్చెను. అడిగినది యొక స్త్రీ.

సవాకో అరియోషి జపానుదేశపు నవలాకర్త్రి. 1972లో ఆమె ప్రకటించిన 'కోకోత్సు నో హితో' యను నవల సంవత్సరము తిరుగకుండనే పదిలక్షల ప్రతులకు మించి యమ్ముడుపోయెను. 1984లో దాని ఆంగ్లానువాదము 'ది ట్విలైట్ ఇయర్స్' అను పేర వెలువడెను. నేను చదివినది ఆ యనువాదమే. కథ చాల చిన్నది. ఆకికో యను నడివయసు ఇల్లాలు ఒక న్యాయవాదుల కార్యాలయమున టైపిస్టు. భర్త నోబుతోషి ఉద్యోగి. కొడుకు సతోషి పరీక్షలకుఁ జదువుచున్న పిల్లవాఁడు. పెరటిలోని చిన్నయింట అత్తమామలుందురు. ఒకనాఁడు అత్తగారు హఠాత్తుగా మరణించును. 84 ఏండ్ల మామగారు షిగెజో భార్య చనిపోయిన సంగతినే గ్రహింపక, తనకాఁకలి యగుచున్నదని కోడలిని అన్నము పెట్టుమనును. అంతవఱకు ఆయన మతి యెట్లున్నదో యింటిలో నెవరికిని తెలియదు. చనిపోయిన యామె దానిని తన కొంగుచాటున దాఁచి నెట్టుకొని వచ్చినది. రోగము మొదట బయటపడునది రోగివలన కాదు, రోగిని కప్పి కాపాడినవారు కూలిపోవుటవలన. ఈ యొక్క ఘట్టమునకే నేనీ నవలను మేటి రచనలలోఁ జేర్తును.

తరువాతిది మఱింత కఠినమైనది. షిగెజో తన సొంత కొడుకును గుర్తింపఁడు. వచ్చిన కూఁతురినిఁ గూడ గుర్తింపఁడు. కొడుకును చూచి దొంగ యని వెఱచును. కోడలిని మాత్రము గుర్తించును. ఈ కోడలినే యాయన బ్రదికినన్నాళ్లు ఈసడించినవాఁడు, ఆమె వంటకు వంకలు పెట్టినవాఁడు. ఇప్పుడు ఆమె వెంటనే తిరుగును. ఆమె కనఁబడకున్న వీథిలోఁ బడి నడచిపోవును. రాత్రులు ఆమె లేచి మూత్రమునకుఁ దీసికొని పోవలెను. ఒకనాఁడు తన మలమును తానే చాపలకుఁ బూయును. ఇట్టి సంగతులను రచయిత్రి దాఁచదు. వీనిని చూపి మన హృదయమును పిండఁజూడదు కూడ. వంటయింటి లెక్క వ్రాసినట్లు వ్రాయును. నెలకొక ఉపాయము, ఉపాయమునకొక భంగము: వృద్ధుల కూటమికిఁ బంపుట, పెరటియింట అద్దెకుఁ జేరిన యువతికి జీతమిచ్చి కొంతసేపు చూడుమనుట, కార్యాలయమునకుఁ బోవు దినములను తగ్గించుకొనుట. ఏదియు పూర్తిగాఁ బనిచేయదు. ఏదియు పూర్తిగా వ్యర్థము కాదు. సంసారము నడచునది ఇట్లే గదా.

నోబుతోషి పాత్రను గూర్చి ప్రత్యేకముగాఁ జెప్పవలెను. అతఁడు దుర్మార్గుఁడు కాఁడు. త్రాగి కొట్టఁడు, తండ్రిని వెడలఁగొట్టఁడు. తండ్రిని చూచినప్పుడు తన భవిష్యత్తు కనఁబడి వెఱచును. వెఱచి ప్రక్కగదిలోనికిఁ బోవును. అంతే. అలసట చెందినవాఁడు, దయగలవాఁడు, ఏమియుఁ జేయనివాఁడు. భార్య చేయుచున్నదని యెఱిఁగినవాఁడు. నవలలోని దుష్టపాత్రలను చూచి మనము తప్పించుకొనవచ్చును. ఇట్టి వానిని చూచి తప్పించుకొనలేము.

నే నెందుకీ మాట యంటినో చెప్పవలసి యున్నది. మూఁడేండ్ల క్రిందట మా తల్లిగారి యొంటిపేట గొలుసు కనఁబడలేదు. కోడలు తీసి పుట్టినింటికిఁ బంపినదని ఆమె యనిరి. నేను నా భార్యను అడిగితిని. ఒకమాఱు కాదు, రెండుమాఱులు. రెండవమాఱు అడిగినప్పుడు నా స్వరమెట్లుండెనో నాకు జ్ఞాపకమున్నది. పదునైదు దినములకు గొలుసు కందిపప్పు డబ్బాలో దొరకెను. "అమ్మాయే అందులో పెట్టి యుండును" అని మా తల్లిగారు నిశ్చయముగాఁ బలికిరి. అప్పటికైనను నాకు తెలివి రాలేదు. అత్తాకోడండ్ర తగవనియే యనుకొంటిని. శాకుంతలమును ఇరువదేండ్లు బోధించినవాఁడను గదా! ఆ తరువాత నొక సంవత్సరమునకు గాని వైద్యుని కడకుఁ బోలేదు. వస్తువును తానే దాఁచి, దాఁచిన సంగతి మఱచి, దగ్గఱనున్నవారిని అనుమానించుట యీ వ్యాధికి సామాన్యలక్షణమని యాయన చెప్పెను. ఇంటికి వచ్చి ఆగుస్టె వృత్తాంతమును చదివితిని. ఆమెలో మొట్టమొదట కనఁబడిన మార్పు భర్త మీఁద అకారణమైన యనుమానమేనఁట. నూఱేండ్లకు పూర్వమే యచ్చులో నున్న సంగతి. దానిని తెలియక యెన్ని యిండ్లలో ఎందఱు కోడండ్రు దొంగలైరో!

అరియోషి నవలకు లోపములు లేకపోలేదు. స్నానపుఁదొట్టిలో ప్రమాదము జరిగి, జబ్బుపడి, షిగెజో చావుబ్రదుకులలో నుండి తేఱుకొనిన తరువాత కథయొక్క గాలి మాఱును. ఈయనను బ్రదికింపఁగలిగినన్నాళ్లు బ్రదికింతునని ఆకికో నిశ్చయించుకొనును. ముసలివాఁడు పసిపాపవలె నవ్వుచుండును. పంజరములోని పిట్టను చూచి మురియుచుండును. జపానుభాషలో గ్రంథనామమునకే పారవశ్యము నొందిన మనిషి యని యర్థము. ఇది చదువుటకు హాయిగా నున్నది. ఆ హాయియే నాకు సందేహము కలిగించినది. వ్యాధి యందఱను నవ్వించుచుఁ దీసికొనిపోదు. కొందఱిని భయముతో, కోపముతో, తుదకు మ్రింగుట కూడ మఱపించి తీసికొనిపోవును. పుస్తకమునకు అంతము కావలెను గనుక రచయిత్రి రోగమునకు సౌమ్యతను ప్రసాదించినదేమో యని నా యనుమానము.

ఇచ్చటనే మన సామెతవంటి మాటను గూర్చి కూడఁ జెప్పవలెను. ముసలితనము రెండవ బాల్యమని మనమందుము. ఉపమానము సగమే సరిపోవును. పసిపాప నేఁడు చేయలేనిది రేపు చేయును. ఆ రేపటి కొఱకే తల్లి రాత్రులు మేల్కొనును. ఇచ్చట నిన్న చేసినది నేఁడు చేయలేరు. పెంచువారికి పెరుగుదల బహుమానము. ఈ సేవచేయువారికి బహుమానము లేదు. పైఁగా పెద్దలను పసివారనుటచేత వారిని పదిమందిలో కసరుటకును, వారి యెదుటనే వారిని గూర్చి మాటలాడుటకును మనకు స్వేచ్ఛ లభించుచున్నది. ఉపమ తప్పినచోట నడవడియుఁ దప్పును.

జపానులో నీ నవల పుట్టించిన చర్చ సామాన్యమైనది కాదు. 2000వ సంవత్సరమున నమలులోనికి వచ్చిన దీర్ఘకాల సంరక్షణ బీమాకు ఈ నవలయే కారణమనుట యతిశయోక్తి యగును. కాని ముసలివారిని చూచుట ఇంటిగుట్టు కాదు, దేశము ఆలోచింపవలసిన పని యని బాహాటముగా మాటలాడుటకు దారితీసినవానిలో నిది యొకటి. 2004లో ఆ ప్రభుత్వము ఈ వ్యాధికి వాడుకలోనున్న పేరునే మార్చెను. పాతపేరులో బుద్ధిహీనుఁడను తిట్టు ఇమిడియుండెనని దానిని తీసివేసిరి. మన భాషలో చాదస్తమను మాట యున్నది. అది ఛందస్సు, అనఁగా వేదము, చదివిన ఛాందసుని నుండి వచ్చినది. వేదపండితుని గౌరవమునుండి బయలుదేఱి ముసలివాని గొణుఁగుడు వఱకు దిగినది. చెప్పినదే చెప్పు వృద్ధునికి మనమీ మాటనే యంటఁగట్టి ఊరకుందుము. అట్టి యింటివారు వైద్యుని కడకు రెండేండ్లు ఆలస్యముగాఁ బోవుదురు. ఆ రెండేండ్లకు వెల కలదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొఱత, మనోవ్యాకులత, ఇవియు మతిమఱపును గలిగించును. ఇవి చికిత్సకు లొంగునవి. అల్జైమర్ వ్యాధిని కుదుర్చు మందు లేదు. డోనెపెజిల్ వంటివి కొందఱిలోఁ గొంతకాలము లక్షణములను తగ్గించును. అమెరికాలో 2023లోను, 2024లోను అనుమతి పొందిన క్రొత్త మందులు తొలిదశలో మాత్రము వ్యాధి నడకను కొంత మందగింపఁజేయును. ఏదైనను తొలిదశను గుర్తించినవారికే యుపయోగము.

రెండవ పుస్తకము ఆంగ్లము. ఐరిస్ మర్డొక్ ఇరువదియాఱు నవలలు వ్రాసిన విదుషి, తత్త్వశాస్త్రము బోధించినది. ఆమె భర్త జాన్ బేలీ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యాచార్యుఁడు. 1998లో ఆమె బ్రదికియుండఁగానే ఆమె వ్యాధిని గూర్చి యాతఁడు స్మృతిగ్రంథమును ప్రకటించెను. మఱుసటి సంవత్సరమున ఆమె మరణించెను. యౌవనమున ఈఁదిన నదికే, ఏండ్లు గడచిన తరువాత, ఆమెను మరల తీసికొనిపోయిన వృత్తాంతముతో గ్రంథ మారంభమగును. తత్త్వవేత్త్రియైన భార్యతోఁ గూడ చిన్నపిల్లల దూరదర్శన కార్యక్రమమును చూచుచు దినములు గడపిన సంగతియు నందుఁ గలదు.

ఈ గ్రంథములో నాకు నచ్చినది బేలీ తన కోపమును దాఁచకపోవుట. ఒక్క ప్రశ్ననే యెడతెగక విన్న మనిషికి కలుగు క్రోధమును, ఆ క్రోధము చల్లాఱిన పిమ్మటి సిగ్గును అతఁడు వ్రాసినాఁడు. మన స్మృతివ్యాసములలో నిట్టిది కనఁబడదు. "చివరి వఱకు కంటికి ఱెప్పవలె కాపాడిరి" అని ముగింతుము. కంటికి ఱెప్పవలె కాపాడినవారు ఏ రాత్రియైన తలుపు మూసికొని యేడ్చిరా, చేయి యెత్తబోయి దింపుకొనిరా యని వ్రాయము. వ్రాయకపోవుటచేత, అట్టి రాత్రి వచ్చిన ప్రతి ఇల్లాలును లోకములో తానొక్కతయే పాపిష్ఠురాలననుకొనుచున్నది.

నచ్చనిది యొకటి కలదు. చదివి తెలిసికొనలేని స్థితిలోనున్న భార్యను గూర్చి, ఆమె స్నానపానాదులతో సహా, లోకమునకు వెల్లడించుట న్యాయమా? అప్పుడే కొందఱు విమర్శకు లీ యాక్షేపమును జేసిరి. నేను దీనిని త్రోసిపుచ్చలేను. వ్యాధిని గూర్చి లోకమునకుఁ దెలియవలెననుటయు, రోగి మానము కాపాడవలెననుటయు రెండును ధర్మములే; రెండింటికిని వైరము వచ్చినచోట బేలీ మొదటిదానినే పట్టుకొనెను. నే నీ వ్యాసములో మా తల్లిగారి గొలుసు కథను వ్రాయునప్పుడు నా చేయియు కొంత తడవు ఆఁగినది.

మర్డొక్ చివరి నవల 1995లో వచ్చెను. దానిని చదివి కొందఱు సమీక్షకులు తికమకపడిరి. 2005లో పరిశోధకులు ఆమె మొదటి నవలను, 1978 నాఁటి నవలను, ఈ చివరి నవలను యంత్రసహాయముతోఁ బోల్చి చూడఁగా, చివరిదానిలో వాక్యనిర్మాణము చాలవఱకు నిలిచియే యున్నను పదసంపద తఱిగినట్లు తేలెను. వ్యాధి పేరు తెలియకముందే పుటలలో దాని యడుగులు పడినవి. సమీక్షకుఁడు రచనలోని కొఱఁతను మాత్రమే కొలిచెను. దాని వెనుక మనిషి యున్నట్లు ఊహించుటకు వానికి ఆధారము లేకపోయెను. విమర్శ వ్రాయు నావంటివారికి ఇది సిగ్గుపడవలసిన విషయము కాకున్నను, తలఁచుకొనవలసిన విషయము.

పదసంపద మాట వచ్చినది గనుక మన హైదరాబాదులో జరిగిన పరిశోధన నొకదానిని చెప్పుదును. నిమ్స్ వైద్యశాలలో సువర్ణా అల్లాడియు, ఆమె సహచరులును 648 మంది స్మృతిభ్రంశరోగులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. రెండు లేక అంతకెక్కువ భాషలు మాటలాడువారిలో వ్యాధిలక్షణములు ఒక్క భాష మాత్రమే యెఱిఁగినవారికంటె నాలుగున్నర యేండ్లు ఆలస్యముగాఁ గనఁబడినవి. చదువు రానివారిలోఁ గూడ నీ భేద మున్నది. తెలుఁగుతోఁ బాటు ఉరుదూ మాటలాడు కూరగాయల యంగడివానికి కూడ నీ లాభము కలదన్నమాట. రెండు భాషలు చదివి వ్యాధిని జయింపవచ్చునని దీని యర్థము కాదు. అట్లైనచో మర్డొక్ గారికి రాకుండవలెను.

మూఁడవది పుస్తకము కాదు, 2013 నాఁటి మరాఠీ చలనచిత్రము. పేరు 'అస్తు'. సుమిత్రా భావే, సునీల్ సుక్‌థన్‌కర్ దర్శకులు. మోహన్ ఆగాషే ధరించిన ప్రధానపాత్ర చక్రపాణి శాస్త్రి యను సంస్కృత పండితుఁడు. కూఁతురు కారులోఁ గూర్చుండఁబెట్టి అంగడిలోనికిఁ బోఁగా, వీథిలోఁ బోవుచున్న యేనుఁగును చూచి దాని వెంటఁ బోవును. మావటివాని భార్య కన్నడము మాటలాడు బీదరాలు. ఆయన పండితుఁడనియు నెఱుఁగదు, రోగి యనియు నెఱుఁగదు. అన్నము పెట్టి యొడిలో తల యుంచుకొనును. అమృతా సుభాష్ ఆ పాత్రకు జాతీయ పురస్కారము పొందినది. చిత్రము చాల యందమైనది. అయినను నా ఫిర్యాదు నిలిచియే యున్నది. ఒక్కదినము చూచిన మావటివాని భార్య దయకంటె, ఏండ్లతరబడి చూచి విసుగెత్తిన కూఁతురి దయ తక్కువదిగాఁ గనఁబడునట్లు ప్రేక్షకునికిఁ దోఁచు ప్రమాద మున్నది. ఒక్కదినము ఎవరైనను దేవత కావచ్చును.

మన తెలుఁగు సంగతి యేమి? నాటకములలోను, చలనచిత్రములలోను మతిమఱపు తాతగారు నవ్వించుటకే తఱచుగా వచ్చును. కళ్లజోడు నొసటనే యుంచుకొని యిల్లంతయు వెదకును, మనుమరాలి పేరు తప్పుగాఁ బిలుచును, ప్రేక్షకులు నవ్వుదురు, రెండవ యంకములో తాతగారికి మఱి పని లేదు. వంటయింటిలో నున్న కోడలిని రచయిత చూడఁడు. చూచినను ఆమెను పతివ్రతలలోఁ జేర్చి నమస్కరించి పోవును. ఇట్టి నమస్కారమునే నేను ఎక్కువ శంకింతును. స్మృతిభ్రంశరోగులకుఁ జేయఁబడు సంరక్షణలో నూటికి 70 గంటలు స్త్రీలే చేయుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ధర్మమని పేరు పెట్టినంతమాత్రమున గంటలు తగ్గవు. ఆ పేరు పెట్టుటచేత అడుగవలసిన సాయమును అడుగుటకు కూడ ఆమెకు నోరు లేకుండఁ బోవును.

ఇంటిలోని సిగ్గుగా నెంచి దాఁచిన దానినే సాహిత్యమునకు వస్తువుగాఁ జేయుట తెలుఁగువారికి క్రొత్త కాదు. వీరేశలింగము పంతులుగారు బాలవితంతువును, అప్పారావుగారు కన్యావిక్రయమును సభలోనికి తెచ్చిరి. నేఁడు ఈ వ్యాధిని దాఁచుటకు ముఖ్యకారణము పెండ్లి సంబంధములు. ఆ యింట పిచ్చి యున్నదను మాట పుట్టునని పెద్దావిడను వెనుకగదిలో నుంతురు. చుట్టములు వచ్చినప్పుడు తలుపు దగ్గఱగా వేయుదురు. నిజమునకు ఈ వ్యాధిలో నత్యధికభాగము తండ్రినుండి కొడుకునకు నేరుగా దిగునది కాదు. చిన్నవయసుననే వచ్చు కొన్ని యరుదైన రకములు మాత్రమే యట్టివి. ఈ సత్యమును వైద్యుఁడు చెప్పిన దానికంటె ఒక మంచి కథ చెప్పిన ఎక్కువమంది విందురు. తలుపు వేసిన ఆ గది లోపలనుండి వ్రాయఁబడిన తెలుఁగు నవల కొఱకు నేను ఎదురుచూచుచున్నాను. అందులో మహాత్యాగము లక్కఱలేదు. పగలు నిద్రించి రాత్రి మేల్కొనువారితో గడియారమెట్లు తలక్రిందగునో, లేని మనిషిని గూర్చి యడిగినప్పుడు చనిపోయినాఁడని చెప్పి దినమునకు నాలుగుమాఱులు క్రొత్తగా ఏడిపించుట మంచిదా, ఊరికిఁ బోయినాఁడని యబద్ధమాడుట మంచిదా యను ప్రశ్న యెట్లు తెగునో, అంత మాత్రము చాలును. సత్యవాక్యమును గూర్చి ఎన్నియో వ్యాసములు వ్రాసిన నేను ఈ ప్రశ్నకు మా యింట అబద్ధము పక్షమునే నిలిచితినని ఒప్పుకొనుచున్నాను. మా నాయనగారు ప్రతిదినము సాయంకాలము పొలమునుండి రావలసియే యున్నారు.

అరియోషి నవలలో మనుమని మాటలు రెండు కలవు. మొదట వాఁడు తాతను చూచి, మీరింత కాలము బ్రదుకవద్దని తల్లిదండ్రులతో ననును. తాత పోయిన తరువాత, ఇంకను కొంతకాలము బ్రదికియున్న బాగుండెడిదని యనును. ఆంగ్ల విమర్శకులు ఈ రెండింటి నడుమ నున్న దూరమే నవల యని చెప్పినచో నేను కాదనను. నా భార్యకు నేనీ కథ నంతయు వరుసగాఁ జెప్పితిని. పిట్ట పంజరమును కౌఁగిలించుకొని ఆకికో యేడ్చుటతోఁ గథ ముగియునని చెప్పునప్పటికి నా గొంతు కొంత వణఁకినది. ఆమె బియ్యములో రాళ్లు ఏఱుచు వినుచుండెను.

"ఏమండీ, రాత్రులు ఆయన ప్రక్కను పరుండినది చివరి వఱకు ఆ కోడలేనా?" అని యడిగెను.

అవునంటిని. ఆమె మఱేమియు ననలేదు. చేట తీసికొని లోపలికిఁ బోయెను. ఆ రాత్రినుండి మా యింట వంతు లేర్పడినవి. రెండు గంటల నుండి తెల్లవాఱు వఱకు నాది.